సగం ట్యాంకు దగ్గర ఆగిపోయిన బోర్డు: మేనకోడలికి ఉత్తరం

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకూ సరిగ్గా నిద్ర పట్టలేదు. ట్యాంకులో నీటి మట్టం కొలిచే నీ 120 బోర్డులు చర్లపల్లి నుంచి అసెంబుల్ అయి వచ్చేశాయి. ట్యాంకు నిండి పొర్లుతున్నా రీడింగ్ 2300 దాటట్లేదు. సెన్సార్ సిగ్నల్‌ని పెంచే ఎల్‌ఎం358 ఐసీ (చిప్) ఎంచింది నువ్వే. ఇంతే కదా సంగతి! పొద్దున్నే వెళ్లి మీ మేనేజర్‌కి నువ్వే చెప్పెయ్. నువ్వు చెబితే పది నిమిషాల టెన్షన్, వేరేవాళ్లు కనిపెట్టి చెబితే పది నెలలు గుర్తు పెట్టుకుంటారు. ఇక దీని గురించి బాధపడటం ఆపి, పనిలోకి దిగుదాం.

నువ్వు పంపిన స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) అత్తయ్య భూతద్దం అరువు తీసుకుని మరీ చూశాను. కోడ్‌లో ఏ తప్పూ లేదు. ఎల్‌ఎం358 దగ్గరే వచ్చింది చిక్కు. దాని ఔట్‌పుట్ సప్లైకి (దానికి మనం ఇచ్చే వోల్టేజ్‌కి) సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. నువ్వు ఇచ్చింది 3.3. అంటే పైన దొరికేది 1.8, కాస్త అటూ ఇటూ. వోల్టేజ్‌ని అంకెగా మార్చే నీ ఏడీసీ 12 బిట్లది, 3.3 వోల్టులకి 4095 చూపిస్తుంది. 1.85 వోల్టులకి ఎంతో లెక్క వేసి చూడు, నీ 2300 అక్కడే కనిపిస్తుంది. చిప్ చెడ్డది కాదు, 32 వోల్టుల దాకా హాయిగా నడుస్తుంది. కాలేజీ ల్యాబులో దాన్ని 12 వోల్టుల మీద చూసిన అలవాటుతో ఇక్కడా పెట్టేశావు. మా తరంలో ఈ పని చేయనివాడు లేడు.

ఇప్పుడు నువ్వు చేయబోయే మొదటి పొరపాటు నాకు తెలుసు. గూగుల్‌లో "ఎల్‌ఎం358 ఈక్వివలెంట్" అని కొడతావు. ఎల్‌ఎం258, ఎల్‌ఎం158, ఎల్‌ఎం2904 అంటూ వరసగా వస్తాయి. అవన్నీ ఒక తల్లి బిడ్డలే. తేడా ఎక్కువగా ఎంత వేడికి, ఎంత చలికి పనిచేస్తాయన్న దగ్గరే. వాటిలో ఏది పెట్టినా నీ ట్యాంకు మళ్లీ సగం దగ్గరే ఆగుతుంది. తప్పుగా రాసిన పార్టుకి జోడీ వెతికితే, ఆ తప్పునే మళ్లీ కొనుక్కున్నట్టు. బోర్డులో ఆ చోటుకి ఏం కావాలో వెతకాలి. కాబట్టి చిప్ పేరు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకో. సప్లై ఎంత, ఇన్‌పుట్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కదులుతుంది, ఔట్‌పుట్ ఎక్కడి దాకా వెళ్లాలి, అవతల ఏం తగిలించావు, ఎండలో ఉంటుందా నీడలోనా, ఇవి రాసుకో. స్పీడ్ గురించి నీకు బెంగ అక్కర్లేదు. నీళ్లు నిండటానికి అరగంట పడుతుంది.

ఆ ఐసీలో రెండు సగాలున్నాయి, నువ్వు రెండింటినీ రెండు రకాలుగా వాడావు. మొదటి సగం సెన్సార్ నుంచి వచ్చే 250 మిల్లీవోల్టులని 11 రెట్లు పెంచుతోంది. ఇన్‌పుట్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది, ఔట్‌పుట్ ఒక్కటే 2.75 దాకా ఎక్కాలి. ఈ ఒక్క పనికైతే ఎల్‌ఎంవీ358 చాలు. అదే కాళ్ల వరస, తక్కువ వోల్టేజ్ కోసమే చేసింది, ఔట్‌పుట్ దాదాపు సప్లై దాకా పోతుంది. నేను కూడా మొదట అదే అనుకున్నాను.

తర్వాత రెండో సగం చూశాను. దానితో బ్యాటరీ వోల్టేజ్‌ని బఫర్ చేస్తున్నావు, అంటే పెంచకుండా ఉన్నదున్నట్టు ఏడీసీకి అందిస్తున్నావు. వోల్టేజ్‌ని తగ్గించే డివైడర్ దాటాక కూడా అక్కడ 3 వోల్టుల దాకా వస్తుంది. బఫర్ అంటే ఔట్‌పుట్ ఎంత ఎక్కాలో ఇన్‌పుట్ కూడా అంతే ఎక్కాలి. ఎల్‌ఎంవీ358 ఇన్‌పుట్ సప్లైకి ముప్పాతిక వోల్టు పైనే దూరంలో ఆగిపోతుంది. అంటే 3 వోల్టులు దానికి అందవు. ఇప్పుడున్న చిప్‌తో నీ బ్యాటరీ రీడింగ్ కూడా తప్పే చూపిస్తూ ఉండాలి, అందరూ నీళ్ల గొడవలో పడి దాన్ని చూసి ఉండరు. కాబట్టి నీకు కావలసింది ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ రైల్-టు-రైల్ ఉన్నది, అంటే దాదాపు సున్నా నుంచి సప్లై దాకా కదలగలిగేది. ఎంసీపీ6002 సరిపోతుంది. 1.8 నుంచి 6 వోల్టుల దాకా నడుస్తుంది, ఎనిమిది కాళ్ల వరస అదే, నీ ప్యాడ్ల మీద అలాగే కూర్చుంటుంది. రైల్-టు-రైల్ అన్నంత మాత్రాన అచ్చం సున్నా దాకా దిగుతుందనుకోకు, 25 మిల్లీవోల్టుల దగ్గర ఆగుతుంది. దాని ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర చిప్‌కి సహజంగా ఉండే తేడా) 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. నీ 11 రెట్లకి అది 50 మిల్లీవోల్టులు అవుతుంది. ఖాళీ ట్యాంకు దగ్గర ఒకసారి, నిండు ట్యాంకు దగ్గర ఒకసారి కాలిబ్రేట్ చేసుకుంటే సరి. ఇంకొకటి, బఫర్ ఔట్‌పుట్‌కీ ఏడీసీ పిన్ దగ్గరి కెపాసిటర్‌కీ మధ్య చిన్న రెసిస్టర్ ఉందో లేదో చూడు. లేకపోతే ఔట్‌పుట్ నిలకడగా ఉండక ఊగడం మొదలుపెడుతుంది, నువ్వు మళ్లీ కోడ్ మీద పడతావు.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. బామ్‌లో (బోర్డుకి కావలసిన పార్టుల జాబితాలో) నువ్వు ఒకే లైన్‌లో "ఎల్‌ఎం358, 2 నంబర్లు" అని రాశావు. ఒకటి మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నది, బోర్డు మీద దాని గుర్తు యూ3. రెండోది మోటారు వైపున్న యూ7. ఆ పేజీలో దాని సప్లై మీద ఉత్తి "వీసీసీ" అని ఉంది, అది ఎన్ని వోల్టులో రాయలేదు. రిలే పక్కనే ఉంది కాబట్టి 12 అని నా అనుమానం. ఎంసీపీ6002 ఓర్చుకునే హద్దు 7 వోల్టులు. నువ్వు ఆ లైన్‌లో పేరు మార్చి పంపావంటే వాళ్లు రెండు చోట్లా మార్చేస్తారు, పవర్ ఇవ్వగానే 120 యూ7లు పోతాయి. లైన్ రెండుగా విడగొట్టు. యూ7లో పాత చిప్పే ఉండనీ.

కాళ్ల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఒకప్పుడు నేను బాగా దెబ్బ తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బీసీ547 ట్రాన్సిస్టర్ స్టాక్ లేదు. స్టోర్స్‌లో 2ఎన్2222 కనిపించింది, రెండూ ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్లే కదా అని 40 బోర్డులకి పెట్టించాను. మొదటిదానికి కలెక్టర్, బేస్, ఎమిటర్ వరస. మేం తెచ్చినదానికి ఎమిటర్ ముందు. పూర్తిగా పనిచేయకపోతే వెంటనే దొరికిపోయేవాణ్ణి. తమాషా ఏంటంటే ట్రాన్సిస్టర్ తలకిందులైనా కొద్దిగా పనిచేస్తుంది, గెయిన్ (పెంచే శక్తి) మాత్రం అడుగంటుతుంది. 5 వోల్టుల రిలే కొన్ని బోర్డుల్లో లాగేది, కొన్నిట్లో టిక్కుమని వదిలేసేది. వారం రోజులు రిలే కంపెనీని తిట్టాను. పీ2ఎన్2222ఏ అని ముందు ఒక్క "పీ" ఉన్నది తెచ్చుంటే బీసీ547 వరసే వచ్చేది. రేపు ఎప్పుడైనా ఐదు కాళ్ల ఎంసీపీ6001 వాడాల్సి వస్తే, దాని చివర "ఆర్", "యూ" అని ఉన్నవి వేరే వరసలని గుర్తుంచుకో. ఆ అక్షరం డేటాషీట్‌లో చూసేదాకా ఆర్డర్ బటన్ నొక్కకు.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి, ఎంసీపీ6002 పక్కన "ఐ" ఉంటే 85 డిగ్రీల దాకా, "ఈ" ఉంటే 125 దాకా. నువ్వు ఇప్పుడు పెట్టిన ఎల్‌ఎం358 70కే. ఆ డబ్బా ఉండేది అపార్ట్‌మెంట్ డాబా మీద. మే నెలలో మన ఊళ్లో నీడలోనే 42 చూపిస్తుంది, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఎంత ఉంటుందో నువ్వే ఊహించుకో. దొరికితే "ఈ" తీసుకో.

కొనేముందు నాలుగు శాంపిల్స్ చూడాలంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లు. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగితే నడిచే దూరమే. బ్రెడ్‌బోర్డు మీదకైతే పొడుగు కాళ్ల డిప్ ప్యాకేజ్ అడుగు. "మేడం, సేమ్ టు సేమ్" అని ఇంకేదో చేతిలో పెడతారు, పైన ప్రింట్ చదవకుండా డబ్బులివ్వకు. ఆ గల్లీ అంటే నాకు ప్రాణం, అయినా 120 బోర్డులకి మాత్రం అక్కడ కొనొద్దు. ప్రింట్ గీకి మళ్లీ కొట్టిన చిప్పులు ఎక్కడ తగులుతాయో చెప్పలేం. మౌజర్, డిజీకీ, ఎలిమెంట్14 లాంటి ఆన్‌లైన్ డీలర్ల దగ్గర స్టాక్ ఎంతుందో, పార్ట్ ఇంకా "యాక్టివ్"లోనే (తయారీలోనే) ఉందో లేదో చూసి బిల్లుతో తెప్పించు.

చిప్ మార్చకుండానే గట్టెక్కే దారి కూడా ఉంది. ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) కోసి యూ3కి 5 వోల్టులు ఇస్తే పాత చిప్పే 3.5 దాకా ఎక్కుతుంది. అయితే అది 3.3 దాటి ఏడీసీ మీదకి వెళ్తుంది, దానికి మళ్లీ కాపలా పెట్టాలి. డెమోకి మూడు బోర్డులు కావాలంటే చెయ్యి, 120కి వద్దు.

ముందు ఐదు బోర్డులే మార్చు. లెడ్-ఫ్రీ సోల్డర్ 217 డిగ్రీల దగ్గరగానీ కరగదు, మామూలుది 183కే కరుగుతుంది. నీ బోర్డులది ఏదో అసెంబ్లీ వాళ్లని అడుగు. పక్కన ఉన్నవాటికి వేడిని తట్టుకునే క్యాప్టన్ టేప్ వేసి, సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ ధారాళంగా పోసి, హాట్ ఎయిర్ గుండ్రంగా తిప్పుతూ ఉండు. ట్వీజర్‌తో మెల్లగా తాకితే చిప్ తనంతట తాను జారాలి. జారకపోతే ఇంకా కరగలేదని. అప్పుడు పైకి లేపావో, ప్యాడ్ ఊడి వస్తుంది. ఆ ఐదింటినీ ఖాళీ, సగం, నిండు ట్యాంకుతో చూడు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మళ్లీ చూడు, రెండు రోజులు మీ డాబా మీద ఎండలో వదిలెయ్. అప్పుడు మిగతా 115. మార్చిన ప్రతి బోర్డు మీదా రివిజన్ స్టిక్కర్ అంటించు.

ఆదివారం రెండు పాడైన బోర్డులు పట్టుకుని కుషాయిగూడ వచ్చెయ్, నా హాట్ ఎయిర్ మీద చెయ్యి తిరగనిస్తాను. అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది. ఈలోగా మల్టీమీటర్ తీసి యూ7 ఎనిమిదో కాలు మీద ఎన్ని వోల్టులున్నాయో కొలిచి ఈ రాత్రికే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య