గ్యారంటీ కార్డు ఇవ్వకపోతే బాధ్యత తప్పుతుందా?

ప్రశ్న: ఉదయగిరి దగ్గర మాకున్న మూడెకరాల మెట్టలో బోరుకని కావలిలో ఒక దుకాణంలో సబ్‌మెర్సిబుల్ మోటారు కొన్నాను. నీళ్లు 280 అడుగుల లోతున ఉన్నాయని చెబితే, యజమానే ఒక మోటారు ఎంచి ఇచ్చారు. దించి పన్నెండు రోజులైంది. మోటారు తిరుగుతోంది గాని నీళ్లు పైకి రావడం లేదు. గ్యారంటీ కార్డు ఇవ్వలేదు గనుక తనకు సంబంధం లేదని, బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉందని ఆయన అంటున్నారు. నాకేమైనా దారి ఉందా?
— ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ఉంది. కార్డు మీద రాసి ఇచ్చేదీ, నోటితో ‘ఇంత లోతు నుంచి లాగుతుంది’ అని చెప్పేదీ వ్యక్తమైన హామీలు. ఇవేవీ లేకపోయినా కొన్ని హామీలు అమ్మకంలోనే ఉన్నట్లు చట్టం భావిస్తుంది. కొనేవాడు తన అవసరమేమిటో చెప్పి, అలాంటి సరుకుల వ్యాపారం చేసే అమ్మకందారు అనుభవం మీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. మీరు లోతు చెప్పారు, ఆయన ఎంచారు. మీ బలమంతా ఇక్కడే ఉంది. మీరే ఫలానా కంపెనీ మోటారు కావాలని పేరు పెట్టి అడిగి ఉంటే ఈ వాదన బాగా బలహీనపడేది.

మోటారును పైకి తీయించినప్పుడు పంపు మీది రేకుపట్టీ చూడండి. దాని మీద హెడ్డు, అంటే పంపు నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించగలదో, మీటర్లలో రాసి ఉంటుంది. 280 అడుగులంటే సుమారు 85 మీటర్లు. పట్టీ మీద గరిష్ఠంగా 60 మీటర్లే ఉంటే, ఆ పంపు మీ బోరుకు తగినది కాదనడానికి అంతకంటే తేటైన సాక్ష్యం ఉండదు. ఆ పట్టీని ఫొటో తీసి ఉంచుకోండి.

బిల్లు మీది అచ్చువాక్యానికి భయపడవలసిన పని లేదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. మీ చేతిలో ఇంకా పద్దెనిమిది రోజులున్నాయని ఊరుకోకుండా, ఇప్పుడే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపండి. నోరు మెదపకుండా చాలాకాలం వాడుకుంటూ ఉంటే సరుకును అంగీకరించినట్లు లెక్క; అప్పుడు వాపసు ఇచ్చే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది.

మెట్ట సేద్యం మీ సొంత జీవనోపాధే గనుక మీరు వినియోగదారులే. ఆయన దిగిరాకపోతే రెండేళ్లలోగా నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు ఉండదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి చూడండి. ఈలోగా మోటారును విప్పించి మరమ్మతు మాత్రం చేయించవద్దు, ఎందుకంటే లోపం మెకానిక్ చేతిలో వచ్చిందని అవతలివారు అనడానికి అది చాలు.