కార్క్ పిడికి వార్నిష్ కొట్టే ముందు

కర్నూలు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. గాలం కర్రకు పిడి చక్కగా కుదిరింది. బొటనవేలు ఆనే చోట కాస్త లోతుగా తీశావు చూడు, అది నాకు బాగా నచ్చింది. కానీ ‘రేపు రెండు కోటింగులు వార్నిష్ కొట్టేస్తా మామా’ అన్నావే, అక్కడే టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. ఒక నాలుగైదు రోజులు ఆగప్పా, చేపలు ఎక్కడికీ పోవు.

ముందు ఒక సంగతి తెలుసుకో. కార్క్ నీళ్లు తాగదు. అది పోర్చుగల్, స్పెయిన్ వైపు పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టుకు పాతికేళ్లు వస్తే గానీ మొదటిసారి బెరడు ఒలవరు. ఆ తర్వాత మళ్లీ 9 ఏళ్లు దాని జోలికి పోరు. ఆ బెరడు నిండా గాలి పట్టిన సన్నటి గదులు, వాటి గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటాయి. సీసాలకు బిరడాగా పనికొచ్చేది అందుకే, నీళ్ల మీద తేలేదీ అందుకే. మరి వాడిన పిడి ఎందుకు నల్లబడుతుంది? చెట్టుకు గాలి ఆడటానికి బెరడులో రంధ్రాలు ఉంటాయి. నీ ఫోటోలో ముదురు రంగు గుంతలు, గీతలు కనిపిస్తున్నాయే, అవే. చెమట, తవుడు పిండి, చేప జిగురు అన్నీ పోయి వాటిలో చేరతాయి. కాబట్టి అసలు పని గుంతలు పూడ్చడం. పైన పూసేది చివర్లో చేసే చిన్న పని. నువ్వు తోకతో మొదలుపెట్టావు.

పిడి చెక్కినప్పుడు రాలిన పొడి పారేయలేదు కదా? పారేసి ఉంటే, పిడికి గుచ్చే కార్క్ బిళ్లల్లో పాతదొకటి 120 నంబర్ ఉప్పు కాగితం మీద అరగదీసి కొత్త పొడి తీసుకో. ముందుగా పాత టూత్‌బ్రష్‌తో గుంతల్లోని దుమ్మంతా లాగెయ్. చవక బిళ్లలైతే ఫ్యాక్టరీలోనే ఏదో ముద్ద పెట్టి గుంతలు కప్పేసి ఉంటారు. గుండుసూదితో గెలికి చూడు, వదులుగా ఉన్నది ఇప్పుడే రానివ్వు. లేకపోతే మొదటి చేపకే ఊడి చేతికొస్తుంది. తర్వాత నీళ్లకు తట్టుకునే చెక్క జిగురులో ఆ పొడి కలుపు. సంగటి కంటే కొంచెం మెత్తగా ఉండాలి, అంతే. జిగురు ఎక్కువైతే ఆరాక నల్ల మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. పాత ఏటీఎం కార్డుతో గుంతల్లోకి గట్టిగా నొక్కి, పైన మిగిలింది అప్పుడే గీకెయ్. ఒక రోజంతా ఆరనివ్వు. ఆరితే కొన్ని చోట్ల కుంగుతుంది, దానికి రెండోసారి పెట్టాలి. ఈ రెండోసారి దగ్గరే అందరికీ బద్ధకం. నాకూ ఉండేది.

జిగురు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, బిళ్లలు దేనితో అంటించావు? 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు కర్రలు బురదలో ఉండిపోయాయి. తీసి కడిగితే, మామూలు తెల్ల జిగురు పెట్టిన దాని బిళ్లలు పూసల్లా ఒక్కొక్కటే ఊడొచ్చాయి. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ పెట్టింది సబ్బుతో కడిగితే మళ్లీ ఏటికి వచ్చింది. కార్క్ రెండింటిలోనూ బాగానే ఉంది. నువ్వు తెల్ల జిగురే వాడి ఉంటే పైన ఎంత పూసినా లాభం లేదు, ఇప్పుడే విప్పి మళ్లీ అంటించు. ఎపాక్సీ మాత్రం పొద్దున్నే కలుపు. మన ఎండకు అది తొందరగా గట్టిపడుతుంది. అయిదు నిమిషాలదని డబ్బా మీద ఉన్నా మధ్యాహ్నం అంత టైమ్ ఇవ్వదు.

ఇక నునుపు చేయడం. పూడ్చిన ముద్ద గట్టిది, చుట్టూ ఉన్న కార్క్ మెత్తది. వేలితో నొక్కి రుద్దావంటే కార్క్ అరుగుతుంది, ముద్ద మాత్రం పొక్కులా నిలబడిపోతుంది. కంటికి కనపడదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. అందుకని కాగితాన్ని రిబ్బన్‌లా చించి, బూటు పాలిష్ చేసేవాళ్లు గుడ్డ లాగినట్టు రెండు చేతులతో తేలిగ్గా లాగు. 220 నంబర్, తర్వాత 320, ఆఖరికి 400. అరిగిన కాగితంతో బలంగా రుద్దేకంటే కొత్త ముక్క తీసుకో, కాగితం దగ్గర పిసినారితనం వద్దు. డ్రిల్‌కు తగిలించి తిప్పుతున్నావేమో, మెల్లగా తిప్పు, ఒకేచోట ఆగకు. పిడికి రెండు పక్కలా వెదురు మీద మాస్కింగ్ టేపు రెండు చుట్లు వెయ్యి. నేను ఒకసారి టేపు లేకుండా చేసి మంచి వెదురు మీద గీత పెట్టాను, ఇప్పటికీ ఆ కర్ర పట్టుకుంటే నా చూపు దాని మీదికే పోతుంది. మూతికి మాస్క్ కట్టుకో, ఆ పొడి దగ్గు తెప్పిస్తుంది.

ఇప్పుడు నీ వార్నిష్ దగ్గరికి వద్దాం. కార్క్ పట్టుకుంటే నలుగుతుంది, వదిలితే లేస్తుంది. దాని మీద మందపాటి వార్నిష్ పొర అలా నలగలేదు, కొన్నాళ్లకు పగుళ్లిచ్చి పొరలు పొరలుగా లేస్తుంది. అంతకుముందే ఇంకో తంటా ఉంది. తడి చేతిలో సబ్బు బిళ్లలా జారుతుంది. సుంకేసుల దగ్గర నాలుగు కిలోల బొచ్చె చేపను లాగుతుంటే తెలుస్తుంది ఆ కష్టం.

నా మొదటి పిడికి నేనేం పూశానో తెలుసా? వంటింట్లో ఉన్న బుడ్డల నూనె, అదే వేరుశనగ నూనె. నవ్వకు. రంగు బంగారంలా వచ్చింది. కానీ ఆ నూనె ఆరదు. నెలయినా బంకగానే ఉంది, వాసన పట్టింది, చీమలు చేరాయి, చివరికి ఎలుక వచ్చి ఒక అంగుళం కొరికేసింది. ఆముదమూ అంతే. ఆరే నూనె కావాలంటే అవిసె నూనె. అది గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. వంటకు వాడేది కాదు, అది ఆరడానికి వారాలు పడుతుంది. పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడుగు. నాలుగు చుక్కలు గుడ్డకు రాసి రుద్ది, పావుగంట తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచెయ్. ముదురు తేనె రంగు వస్తుంది. పాతకాలపు అందం కావాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది.

నీకైతే నా ఓటు మ్యాట్ పీయూకే, అంటే మెరవని పాలియురేథేన్ పూతకు, అందులోనూ నీళ్లతో కలిపే రకానికి. కొంచెం నీళ్లు కలిపి పల్చన చేసి, బ్రష్‌తో కాకుండా నూలు గుడ్డతో రాయి. రెండు నిమిషాలాగి పైన నిలిచింది తుడిచెయ్. ఆరాక 400 కాగితంతో ఒక్కసారి తడిమినట్టు లాగి, రెండోసారి రాయి. చాలు. చూసినవాళ్లకు ఏమీ పూయలేదనిపించాలి. మెరుస్తోందంటే ఎక్కువైందన్నమాట. గాలి లేచి దుమ్ము తిరిగే సాయంత్రాలు ఈ పని పెట్టుకోకు. వానల్లో అయితే రెండు కోటింగుల మధ్య ఒక రోజు ఎక్కువ ఇవ్వు.

ఇంకో మాట, దీన్ని చాలామంది వదిలేస్తారు. నీళ్లు లోపలికి పోయేది పిడి పక్కల నుంచి కాదు, చివరల నుంచి. కర్ర, కార్క్ కలిసే చోట సన్నటి సందు ఉంటుంది. పుల్లతో అక్కడ చుట్టూ ఎపాక్సీ తిప్పి మూసెయ్. లేకపోతే లోపల వెదురు నల్లబడి కుళ్లేదాకా నీకు తెలియనే తెలియదు.

తర్వాత పెద్ద పని ఏమీ ఉండదు. ఏటి నుంచి వచ్చాక గిన్నెల సబ్బు, మెత్తటి స్పాంజి, ఆ తర్వాత నీడలో ఆరబెట్టడం. తడి కర్రను గుడ్డ సంచిలో వేసి కట్టి పెట్టకు, బూజు పడుతుంది. పసుపు చేత్తో పట్టుకోకు, ఆ మరక నా పిడి మీద పదేళ్లుగా ఉంది.

దసరాకు వస్తానన్నావుగా, కర్ర తీసుకురా. కేసీ కాలువ నీళ్లు మీ కడప దాకా వచ్చేవే అయినా, అవి బయల్దేరే సుంకేసుల దగ్గర గాలం వేస్తే ఆ సంగతే వేరు.

చెప్పడం మర్చిపోయాను. అవిసె నూనె వైపే మొగ్గితే, తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడెయ్యకు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ మడతల్లో ఆ వేడి పోగై దానంతటదే అంటుకుంటుంది. మన రేకుల షెడ్లలో ఎండాకాలం ఇంకా ప్రమాదం. నీళ్లలో ముంచి బయట తీగ మీద విడివిడిగా ఆరెయ్. ఇది మీ అమ్మకు కూడా చెప్పు, కనపడిన గుడ్డనల్లా మడిచి గూట్లో కుక్కే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది దానికి.

ఇట్లు,
మీ మామ