అంజూరం: పళ్లెంలోకా, మందుల డబ్బాలోకా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అంజూర పండు గురించే. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తోపుడు బండ్లలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు కనిపించడం మొదలైనప్పటి నుంచి ఇదే వరస. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, వీటికి ఒకచోట జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తూ తాజా అంజూర పండ్లు తెచ్చాడు. మా అత్తగారేమో "ఇవి నీళ్ల పండ్లు, బలమంతా రాత్రి నానబెట్టిన ఎండు అంజూరంలోనే ఉంది" అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి, కావలి

జవాబు: నీళ్ల పండ్లన్న మాట వరకు మీ అత్తగారిదే నిజం. వంద గ్రాముల తాజా పండులో 79 గ్రాములు నీరే. చక్కెర 16 గ్రాములు, పీచు 3 గ్రాములు, శక్తి 74 కేలరీలు, కాల్షియం 35 మిల్లీగ్రాములు, పొటాషియం 230 దాకా ఉంటాయి. వంద గ్రాముల ఎండు పండులో ఇవే 48 గ్రాముల చక్కెర, 10 గ్రాముల పీచు, 250 కేలరీలు, 160 మిల్లీగ్రాముల కాల్షియం, 680 మిల్లీగ్రాముల పొటాషియం అవుతాయి. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి "చూశారా, ఎండుదే గొప్ప" అని ఫోన్లలో తిప్పుతున్నారు. ఎండబెట్టినంత మాత్రాన పండులోకి కొత్త బలమేదీ వచ్చి చేరదు. నీరు పోయి, ఉన్నదే దగ్గరపడుతుంది. చక్కెర కూడా అలాగే దగ్గరపడుతుందన్న మాట మాత్రం ఎవరూ పంపరు.

లెక్క వంద గ్రాముల్లో కాకుండా, నోట్లోకి వెళ్లే పండ్లలో వేసుకోండి. తాజా పండు ఒక్కొక్కటి 50 గ్రాములనుకుంటే, మూడు పండ్లకు 110 కేలరీలు, నాలుగు గ్రాములకు పైగా పీచు. మీ అత్తగారు నానబెట్టుకునే రెండు ఎండు పండ్లు పాతిక గ్రాములు తూగితే వాటిలో ఇనుము అర మిల్లీగ్రాము. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన దేశపు పోషకాహార ప్రమాణాలు చెబుతున్నాయి. "రక్తం పడుతుంది" అనే నమ్మకాన్ని ఆ రెండు పండ్ల మీద మోపడం వాటికి భారం. తాజా పండులో విటమిన్ సి కూడా వంద గ్రాములకు 2 మిల్లీగ్రాములే. మన జామకాయలో 200 దాటుతుంది.

మలబద్ధకం ఉన్నవారికి నానబెట్టిన ఎండు అంజూరం పనికొస్తుంది, కాదనను. తాజా పండును మాత్రం నేను కొనేది రుచి కోసమే. పలుచని తొక్క, లోపల ఎర్రటి గుజ్జు, పళ్ల కింద చిటపటలాడే గింజలు. ఆ సంతోషానికి ఇంకో సాకు వెతకక్కర్లేదు.

కొనేటప్పుడు తొడిమ దగ్గర మెడ వాలిన పండు చూడండి. కింది కన్ను, అంటే పండు అడుగున ఉండే చిన్న రంధ్రం, దగ్గర తీపి చుక్క ఊరి ఉంటే ఇంకా మంచిది. పులిసిన వాసన వస్తే డబ్బా మొత్తం వదిలేయండి. గట్టి పండ్లను బియ్యం డబ్బాలో పెట్టి మగ్గిద్దామనుకుంటే లాభం లేదు. చెట్టున పండని అంజూరం మెత్తబడుతుందే గాని, తియ్యబడదు. కడగకుండా, కాగితం పరిచిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తాయి. తినబోయే అరగంట ముందు బయట పెట్టండి, చల్లటి అంజూరానికి రుచి తెలియదు.

ప్రశ్న: మేడమ్ గారూ, అంజూరంలో పురుగు చచ్చి ఉంటుందని, శాకాహారులు తినకూడదని మా స్నేహితులు అంటున్నారు. మా నాయనమ్మ అప్పటి నుంచి ముట్టడం లేదు.
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మేడిపండు పద్యం బడిలో అప్పజెప్పిన వాళ్లం కదా, ఈ అనుమానం మనకు సులువుగా పడుతుంది. మేడి, అంజూరం ఒకే కుటుంబానివి. రెండింటిలోనూ పూలు బయట పూయవు, కాయ లోపలే ఉంటాయి. మేడిలోకి చిన్న కందిరీగ జాతి పురుగులు దూరి పుప్పొడి చేరవేస్తాయి. అందుకే పండు చీలిస్తే పురుగులు కనిపిస్తాయి.

మన బజారుకు వచ్చే తాజా అంజూరంలో పుణే రకం ఎక్కువ. పుణే జిల్లాలోని పురందర్ అంజూరానికి 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇటు బళ్లారి, అనంతపురం వైపూ తోటలున్నాయి. ఈ రకానికి పరాగసంపర్కం అక్కర్లేదు, పురుగు రాకుండానే కాయ పండుతుంది. మీ నాయనమ్మ గారు నిశ్చింతగా తినవచ్చు. టర్కీ నుంచి వచ్చే స్మిర్నా జాతి ఎండు అంజూరం సంగతి వేరు. దానికి కందిరీగ తప్పనిసరి. లోపలికి వెళ్లినది అక్కడే చనిపోతుంది, పండులోని ఎంజైము దాన్ని చాలావరకు కరిగించేస్తుంది. పళ్ల కింద కరకరలాడేవి గింజలే. నియమం గట్టిగా పాటించేవారు ఆ ఎండు రకాన్ని మానుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: నాకు షుగరు ఉంది. రోజూ నాలుగైదు తాజా అంజూరాలు తింటే షుగరు తగ్గుతుందని విన్నాను.
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, గూడూరు

జవాబు: తగ్గదు మాస్టారూ. అయిదు పండ్లంటే 40 గ్రాముల చక్కెర. ఒకటి, మహా అయితే రెండు, అది కూడా ఆ రోజు తినే వేరే పండు మాని తినండి. ఎండువి మీకు వద్దు. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవారు, రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు తమ డాక్టరును అడగకుండా దీన్ని రోజువారీ అలవాటు చేసుకోవద్దు.

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అంజూరంలో కాల్షియం ఉందని, తింటే ఎముకలు బాగవుతాయని అంగడి ఆయన చెప్పాడు. కిలో కొన్నాను.
– ఒక రైతు, కనిగిరి దగ్గర

జవాబు: కొన్నవి ఇంట్లో అందరూ తినండి, మళ్లీ ఈ పని మీద కొనకండి. మీ ప్రాంతపు కష్టం కొత్తది కాదు. 1937లోనే వైద్యులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు గురించి రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఇన్నేళ్ల తర్వాత ఒక పండ్ల డబ్బా దీన్ని నయం చేస్తుందని ఎవరైనా చెబితే నాకు కోపం వస్తుంది.

ముందు నీరు మారాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. తాగడానికే కాదు, అన్నం, పప్పు వండటానికి కూడా శుద్ధి చేసిన నీరే వాడండి. చిక్కటి టీ తగ్గించండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఇక కాల్షియం. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. తాజా అంజూరంతో అది తెచ్చుకోవాలంటే దాదాపు మూడు కిలోలు తినాలి! వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములు, మునగాకులో 300కు పైన, నువ్వుల్లో వెయ్యికి పైనే ఉంది. రాగి సంకటి, మునగాకు పప్పు, నువ్వుల పొడి, ఇంటి గేదె పాలు, పెరట్లో జామకాయ. కిలో అంజూరం ధరలో వీటిలో చాలా వచ్చేవి. నొప్పులకు మాత్రం ఆసుపత్రిలో చూపించుకోండి, ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: ఆంటీ, అంజూరం, పాలు కలిపి మిక్సీ పట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దునకు విరిగి చేదెక్కింది. పాలవాడిదా తప్పు? అంజూరంతో ఇంకేం చేయవచ్చు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పాలవాడిని ఏమీ అనకు తల్లీ. తొడిమ తుంచినప్పుడు కారే తెల్లటి పాలలో ఫిసిన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. మధ్యధరా సముద్ర తీర దేశాల్లో పూర్వం జున్ను కోసం పాలు విరగ్గొట్టడానికి అంజూరపు పాలే వాడేవారు. పండు పండేకొద్దీ ఫిసిన్ తగ్గుతుంది గాని, పూర్తిగా పోదు. మన పచ్చి బొప్పాయి మాంసాన్ని మెత్తబరచడం కూడా ఈ తరహా పనే. తొడిమను, దాని కింది తెల్లటి గట్టి భాగాన్ని కోసేసి, మిక్సీ పట్టిన వెంటనే తాగితే బాధ ఉండదు. పాయసం చేయాలంటే ముక్కలను నేతిలో బాగా మగ్గనిచ్చి, అవీ పాలూ చల్లారాక కలుపు. వేడికి ఎంజైము చచ్చిపోతుంది.

నాకు నచ్చినది నిమ్మకాయతో చేసే తీపి పచ్చడి. అంజూరంలో పులుపు బొత్తిగా తక్కువ, మనకేమో గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు చేతికందే దూరంలో ఉన్నాయి. అరకిలో పండ్లు తొడిమలు తీసి నాలుగేసి ముక్కలు చెయ్యి. చెంచా నువ్వుల నూనెలో ఆవాలు, నాలుగు ఎండుమిర్చి, సన్నగా తరిగిన అల్లం వేగనిచ్చి ముక్కలు వెయ్యి. నీళ్లు పోయకు, పండే వదులుతుంది. సన్నని సెగ మీద పావుగంట మగ్గాక 150 గ్రాముల బెల్లం, సరిపడా ఉప్పు వేసి, దగ్గరపడుతుండగా రెండు నిమ్మకాయల రసం పిండి ఇంకో రెండు నిమిషాలు ఉంచి దించు. తడి లేని సీసాలో, ఫ్రిజ్‌లోనే పెట్టు. వారం పది రోజుల్లో తినేయాలి, ఊరగాయలా బయట నిలవ ఉండదు. పెసరట్టుకు దీన్ని మించిన జోడీ లేదని నా అభిప్రాయం. అల్లం పచ్చడి పక్షం వాళ్లు ఒప్పుకోరు, ఉత్తరాలు రాయనివ్వు.

పొయ్యి వెలిగించే ఓపిక లేకపోతే చిక్కటి పెరుగులో ముక్కలు వేసి, పచ్చిమిర్చి, ఆవాల తాలింపు పెట్టి అప్పటికప్పుడు తినెయ్యి. లేదా పండును రెండుగా కోసి, నెయ్యి రాసిన దోసె పెనం మీద కోసిన వైపు రెండు నిమిషాలు కాల్చి మిరియాల పొడి చల్లు. చేపల పులుసులో మామిడికాయ బదులు వేయవచ్చా అని మీ వీధి నుంచే ఇంకొకరు అడిగారు. వద్దు. పులుసుకు కావలసిన పులుపు దీనిలో లేదు, ఉన్న తీపి చేపకు అక్కర్లేదు.

ప్రశ్న: మా డాబా మీద కుండీలో అంజూరం కాస్తుందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, మార్కాపురం

జవాబు: కాస్తుంది. మీ పొడి ఎండలు దానికి ఇష్టమే. పక్వానికి వచ్చే వేళ వాన పడితే పండ్లు పగిలి పులుస్తాయి, చెమ్మ గాలికి ఆకుల మీద తుప్పు తెగులు వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ముంచెత్తే కోస్తా వాళ్లకంటే మీకే ఇది అనువు. పెన్సిలు మందాన ముదురు కొమ్మ నాటితే బతుకుతుంది. కుండీలో నీరు నిలవకూడదు. కాయలు కొత్త కొమ్మల మీద వస్తాయి కాబట్టి ఏటా కత్తిరించండి. పండేటప్పుడు వల కప్పకపోతే గోరింకలే ముందు రుచి చూస్తాయి. కత్తిరించేటప్పుడు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోండి. కోసిన చోట కారే తెల్లటి పాలు చర్మానికి అంటి పైన ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు వారాల తరబడి ఉంటాయి. అంటితే వెంటనే సబ్బుతో కడుక్కుని, ఆ పూట నీడపట్టున ఉండండి.