రేడియేషన్‌తో పాటే కీమో కూడా ఇస్తామంటున్నారు, అమ్మ తట్టుకోగలదా?

మీ అమ్మగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, స్టేజ్ 3బి అన్నారు, రెండూ కలిపి వద్దు, ఒకటి అయ్యాక ఒకటి ఇవ్వమని డాక్టర్‌ని అడగొచ్చా అని రాశారు. మా పెద్దమ్మకి ఇదే స్టేజ్, ఇదే ట్రీట్‌మెంట్. ఆవిడ వెంట తిరిగింది నేనే కాబట్టి చెప్తున్నా, విడదీయమని మాత్రం అడగకండి.

వారానికోసారి ఎక్కించే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుని ఇక్కడ ప్రధానంగా రేడియేషన్‌కి తోడుగానే వాడతారు. కరెంటు (అంటే రేడియేషన్) పెట్టినప్పుడు క్యాన్సర్ కణాల డీఎన్ఏ దెబ్బతింటుంది, అవి దాన్ని మళ్ళీ బాగుచేసుకోవాలని చూస్తాయి, ఈ మందు ఆ మరమ్మతు జరగనివ్వదు, అందుకే రెండూ ఒకే వారాల్లో పడాలి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు సరిగ్గా ఈ 3బి స్టేజ్‌లో ఉన్న 850 మంది ఆడవాళ్ళ మీద పరీక్షించి 2018లో ఫలితాలు ఇచ్చారు. ఐదేళ్ళకి బతికున్నవాళ్ళు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 46 శాతం, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 54 శాతం. నూటికి ఎనిమిది మంది అంటే నాకైతే చిన్న తేడా అనిపించలేదు.

మందు డోసు కూడా మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. దీనికి సాధారణంగా జుట్టంతా రాలిపోదు (మా ఇంట్లో అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న అదే). వాంతులు, నీరసం ఉంటాయి, వాంతులకి ముందే ఇంజెక్షన్ ఇస్తారు. అసలు చూసుకోవాల్సింది కిడ్నీలు. 3బిలో గడ్డ మూత్రనాళాన్ని నొక్కే అవకాశం ఉంటుంది, పైగా సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం, అందుకే సెలైన్ బాగా ఎక్కిస్తారు, ప్రతి డోసు ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష), రక్త పరీక్ష చేస్తారు. రిపోర్ట్ తేడాగా ఉంటే ఆ వారం మందు ఆపుతారు, కానీ డాక్టర్ చెప్పనిదే రేడియేషన్ మానకండి. హిమోగ్లోబిన్ తక్కువుంటే రక్తం ఎక్కిస్తారు, దాతల్ని ముందే మాట్లాడి పెట్టుకోండి.

సగం అయ్యేసరికి చాలామందికి విరేచనాలు మొదలవుతాయి. పెద్దమ్మకి పాలు, ఆకుకూరలు, వేపుళ్ళు మాన్పించి పెరుగన్నం, మజ్జిగ, సగ్గుబియ్యం జావతో నెట్టుకొచ్చాం. రేడియేషన్ కోసం ఒంటి మీద వేసిన గుర్తులు రుద్ది కడగనివ్వకండి. మూత్రాశయం నిండుగా ఉంచుకుని రమ్మంటారు, పేగులు కాస్త పక్కకి జరుగుతాయని, కాబట్టి దారిలోనే నీళ్ళ సీసా ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం గ్యాప్ రాకుండా చూసుకోవడం. బయటి రేడియేషన్, తర్వాత గడ్డ దగ్గరే లోపల పెట్టి ఇచ్చే రేడియేషన్ (బ్రేకీథెరపీ), అంతా కలిపి ఎనిమిది వారాల్లో అయిపోవాలని డాక్టర్లు చూస్తారు, ఆలస్యమయ్యేకొద్దీ మిగిలిన కణాలు మళ్ళీ పెరుగుతాయి. మా చుట్టాల్లో ఒకరు "ఇంట్లో పెళ్ళి, ఓ వారం ఆపి రా" అన్నారు, పెద్దమ్మ "పెళ్ళి వీడియోలో చూస్తాలే" అంది. ఇంకొందరు రక్తస్రావం ఆగిపోగానే తగ్గిపోయిందనుకుని బ్రేకీథెరపీకి రాకుండా ఇంటికెళ్ళిపోతారు, దయచేసి అలా చేయకండి. గడ్డ ఉన్న చోటే ఎక్కువ డోసు ఇచ్చేది అదే. మామూలుగా మత్తు ఇచ్చే చేస్తారు, అయిపోగానే రేడియేషన్ సోర్స్‌ని మెషీన్‌లోకి వెనక్కి తీసేస్తారు, ఒంట్లో ఏమీ మిగలదు, ఇంటికొచ్చాక మనవల్ని ఎత్తుకోవచ్చు.

ఇప్పుడు కొన్నిచోట్ల పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) కూడా కలిపి ఇస్తున్నారు, మంచి ఫలితాలే వచ్చాయి గానీ చాలా ఖరీదు. మీ అమ్మగారికి పనికొస్తుందా, అంత ఖర్చు పెట్టడం అవసరమా అని డాక్టర్‌ని సూటిగా అడగండి. ఆరోగ్యశ్రీ ఉంటే ఏ దశ వరకు వస్తుందో మొదటి రోజే ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి. ఇంకోటి, అంతా అయ్యాక యోని దారి ముడుచుకుపోకుండా డైలేటర్ (లోపల పెట్టుకునే గొట్టం లాంటి సాధనం) వాడమంటారు, తర్వాత చెకప్‌లో పరీక్ష చేయడానికి కూడా అది అవసరం, కానీ మగపిల్లలు వెంట ఉంటే నర్సులు చెప్పడానికి మొహమాటపడతారు. మీరు అబ్బాయైతే ఆ రోజు అక్కనో పిన్నినో తోడు పంపండి.