‘పుస్తకం ప్రకారం’ నడిచే ఆఫీసరు, తు.చ. తప్పని ఆఫీసరు

సందేహం: అయ్యా, నమస్కారం. నేను చిత్తూరులో ఒక ప్రభుత్వాఫీసులో పని చేస్తా ఉన్నాను. బదిలీ మీద పోతున్న మా పై ఆఫీసరు గారిని అందరూ "సార్ అంతా బై ద బుక్" అంటారు. వీడ్కోలు సభకి నేను రాసిన అభినందన పత్రంలో "పుస్తకం ప్రకారం నడుచుకునే అధికారి" అని పెడితే ఒక పెద్దాయన అది తెలుగు కాదు, "తూచా తప్పని అధికారి" అని మార్చు అన్నారు. ఇంకొకాయనేమో తూచా అంటే తూకం వేసి చూసినట్టు అని అర్థం చెప్పారు. ఏది కరెక్టు? అది తూచానా, తు.చ. నా? పిల్లలు ఆటలో అనే ‘తూచ్’ కూడా ఇదేనా?

సమాధానం: ముందు ఆ పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి, అట్లాంటి వాళ్ళు ఆఫీసుకి ఒక్కరున్నా చాలు.

బై ద బుక్ అనేది ఇంగ్లీషులో నిన్నామొన్న పుట్టింది కాదు, షేక్‌స్పియర్ నాటకంలో జూలియట్టు రోమియోతో "యూ కిస్ బై ద బుక్" అంటుంది, అంటే ముద్దు కూడా పద్ధతి చూసుకోని పెడతావే అని ఎకసెక్కం, నాలుగు వందల ఏళ్ళు దాటిపోయింది దానికి. వాళ్ళకి బుక్ అనంగానే నియమాలు రాసి పెట్టిన పుస్తకం తడుతుంది. మనకి అది తట్టదు నాయనా. మనకి పుస్తకం అంటే పుస్తకాల పురుగు, లోకజ్ఞానం లేని చదువు, అవే ముందు గుర్తొస్తాయి. చాణక్యుడి పేరుతో చెప్పుకునే శ్లోకం ఉంది కదా, "పుస్తకస్థా తు యా విద్యా పరహస్తగతం ధనం", పుస్తకంలో ఉండిపోయిన చదువూ, ఇంకొకడి చేతిలో చిక్కిన డబ్బూ పని పడినప్పుడు అక్కరకి రావు అని. ఇప్పుడు మీ ఆఫీసరు గారిని పట్టుకోని పుస్తకం ప్రకారం నడిచే మనిషి అంటే పొగిడినట్టా, తిట్టినట్టా? రూలు ప్రకారం అనండి, జీవో ప్రకారం అనండి, నిబంధనల మేరకు అనండి, అవన్నీ ఆఫీసుల్లో నలిగిన మాటలే, నాకేం అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఆ శ్లోకం ఇంకోసారి చూడండి, ‘పుస్తకస్థా తు’ అని ఉందే, ఆ ‘తు’ దగ్గరికే నేను రావాలనుకున్నది. సంస్కృతంలో తు అంటే ‘అయితే’, ‘మాత్రం’ అని, చ అంటే ‘కూడా’ అని. శ్లోకంలో అక్షరం తక్కువ పడినప్పుడల్లా కవులు ఈ రెండింటినీ తెచ్చి ఇరికిస్తారు. అమరకోశం అని ఒకే అర్థం వచ్చే సంస్కృత మాటలని శ్లోకాల్లో కూర్చిన నిఘంటువు ఉంది, దాన్ని రాసిన అమరసింహుడే అందులో "తు హి చ స్మ హ వై పాదపూరణే" అని లిస్టు ఇచ్చేశాడు, ఇవన్నీ పాదం నింపడానికి వచ్చేవి అని. భగవద్గీత మొదటి అధ్యాయంలో దుర్యోధనుడు "భవాన్ భీష్మశ్చ కర్ణశ్చ కృపశ్చ సమితింజయః, అశ్వత్థామా వికర్ణశ్చ సౌమదత్తిస్తథైవ చ" అని తన వీరుల పేర్లు చదువుతాడు, ఆ ఒక్క శ్లోకంలోనే చ-కారాలు 5. అందుకే కాళిదాసు కాశీలో వ్యాసుడి విగ్రహం బొడ్డులో వేలు పెట్టి "చకార కుక్షి", అంటే కడుపు నిండా చ-లే అని ఎగతాళి చేశాడనీ, వేలు అక్కడే ఇరుక్కుందనీ, ద్రౌపదికి పాండవులు ఏమేమి వరస అవుతారో ఒక్క చ కూడా లేకుండా శ్లోకం చెప్తే గానీ వ్యాసుడు వదల్లేదనీ ఒక కథ చెప్పుకుంటారు. చరిత్ర కాదనుకోండి, పండితులు భోజనాలయ్యాక చెప్పుకునే కథ, కానీ చ మీద లోకానికి ఉన్న అభిప్రాయం మాత్రం అందులో తెలుస్తుంది.

అంత పనికిరానివా మరి ఈ తు, చ లు? ఇక్కడే నాకు మహా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. పాదపూరణం అని చెప్పిన అదే అమరసింహుడు పుస్తకం మొదట్లోనే "త్వంతాథాది న పూర్వభాక్" అని కండిషన్ పెట్టాడు, అంటే తు చివర వచ్చిన మాటా, అథ ముందు పెట్టి మొదలయ్యే మాటా దాని ముందున్న వాటితో కలవవు అని. "పులోమజా శచీంద్రాణీ నగరీ త్వమరావతీ" అంటాడు దేవతల పేర్లు చెప్పే స్వర్గవర్గంలో. పులోమజ, శచి, ఇంద్రాణి, ఈ మూడూ ఇంద్రుడి భార్య పేర్లు, అక్కడ ‘నగరీ తు’ అనంగానే ఆ లిస్టు తెగిపోయింది, ఇక నగరం పేరు అమరావతి. ఆ తు తీసి పారేయండి, అమరావతి పోయి ఇంద్రుడి పెళ్ళాం పేర్లలో చేరి కూర్చుంటుంది! పైగా సంధి చేస్తే ‘నగర్యమరావతీ’ అని ఎనిమిదక్షరాల పాదం ఏడుకి పడిపోతుంది. ఒక్క అక్షరానికి ఛందస్సూ పాయె, కాపురమూ పాయె. పాతకాలం అయ్యవార్లు అమరం వల్లె వేయిస్తా మిగతా ఏది మింగినా ఊరుకునేవాళ్ళు గానీ తు మింగితే మాత్రం మొట్టికాయే. ఇక వేదం సంగతి చెప్పాల్సిన పనే లేదు, మా తిరుమల ధర్మగిరి పాఠశాలలో పిల్లలు ఘన అనే పద్ధతిలో వేదం చెప్తా ఉంటే వినండి, రెండు మాటలు ముందుకీ వెనక్కీ, మూడు మాటలు ముందుకీ వెనక్కీ మళ్ళీ ముందుకీ తిప్పుతారు, అందులో చ వచ్చినా దాన్నీ అట్లనే తిప్పాల్సిందే, చిన్నది కదా అని వదిలేది లేదు. ఉత్త పూరణానికి వచ్చిన తు, చ లని కూడా వదలకుండా అప్పచెప్పడమే తు.చ. తప్పకపోవడం. ఇంతకంటే బాగా కుదిరే వివరణ నాకింతవరకు ఎదురుపడలేదు.

తూకం వేయడం, తూచి చూడడం అనేది వినడానికి బాగుందిగానీ తూచి నడుచుకునేవాడు ఆలోచించి నడుస్తాడు, తు.చ. తప్పనివాడికి ఆలోచనతో పని లేదు, ఉన్నది ఉన్నట్టు చేస్తాడు. గీసిన గీత దాటడు అనేది ఇంకో రకం, తమిళం వాళ్ళ ‘కిళిత్త కోట్టై తాండమాట్టాన్’, కన్నడం వాళ్ళ ‘హాకిద గెరె దాటల్ల’, మన చిత్తూరు మూడు భాషల కూడలి కాబట్టి మూడూ మీకు చెవిన పడే ఉంటాయి, అయితే అది మనిషి మాట వినడం గురించే ఎక్కువ, రూలు గురించి తక్కువ.

రాసేటప్పుడు ‘తు.చ.’ అనే రాయమంటాను. నోటితో అనేటప్పుడు తూచా అని సాగడం సహజం, పేపర్లలో కూడా అట్లే వస్తా ఉంది, దాన్ని తప్పని కొట్టేసేంత ధైర్యం చేయను. కానీ ‘తూ.చా.’ అని దీర్ఘమూ పెట్టి చుక్కలూ పెడతారే, ఏదో పేరు వెనక డిగ్రీ మాదిరి, అది మాత్రం వద్దు. ఇంకా ఘోరం, ఈమధ్య టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో "నిబంధనలు తూచా పాటిస్తున్న అధికారులు" అని చూశాను, తప్పకుండా అనే మాటే తప్పిపోయింది! ‘తప్ప’ లేకపోతే ఆ తు.చ. కి అర్థమే లేదు కదప్పా.

ఇంకొక్క మాట, తు.చ. తప్పడు అన్నా అన్నిసార్లూ మెప్పు కాదు, చెప్పే గొంతుని బట్టి ఎద్దేవా కూడా అవుతుంది. అభినందన పత్రంలో అయితే మెప్పుగానే చదువుకుంటారు, పెట్టుకోవచ్చు. పిల్లల ‘తూచ్’ కీ దీనికీ చుట్టరికం లేదు, అది అన్న మాటని వెనక్కి తీసుకోడానికి, ఇది అన్న మాట అన్నట్టు చేయడానికి.