క్రిస్మస్‌కి ఇంటినిండా చుట్టాలు, ఇంట్ల కుక్కపిల్ల: ఏం జాగ్రత్త పడాలె?

అన్నా, మిర్యాలగూడల మీ ల్యాబ్రడార్ కుక్కపిల్లకు ఇదే మొదటి క్రిస్మస్, చెట్టుకు కట్టిన లైట్లు కొరుకుతదేమో అని అడిగిన్రు. వైర్లు నోటికి అందకుండ పైకి కట్టండి, ఇంట్ల ఎవరూ లేనప్పుడు ప్లగ్గు పీకేయండి, సరిపోతది. మెరుపు కాగితాల దండలు మాత్రం వద్దు. మింగితే పేగులు ముడుచుకపోతయి. నోట్లకెళ్లి కొస వేలాడినా గుంజొద్దు, లోపల పేగు కోసుకపోతది.

నన్నడిగితే చెట్టు కన్నా చుట్టాలతోనే భయం. నల్లగొండల మా ఇంట్ల ఆరాధన అయినంక బగారన్నం, మటన్. "పాపం, చూస్తున్నది" అనుకుంట తలా ఒక బొక్క ఏస్తరు. ఉడికిన బొక్క పెళుసు, నమిలితే సూదుల్లెక్క చీలి గొంతుల గుచ్చుకుంటది. కూరల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎక్కువ పడితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటయి. ఆ నీరసం రెండు మూడు రోజులకు గాని కనపడదు, అందుకే "మాది తింటది, ఏం కాలే" అంటరు.

అన్నిటికన్న ప్లమ్ కేక్ తోటి జాగ్రత్త. అండ్ల కిస్మిస్ కొన్ని కుక్కల కిడ్నీలను పాడుచేస్తది, ఇంత తింటే ఏం కాదు అని లెక్క లేదు. పోయినేడు మా చిన్నమ్మ మనవడు సోఫా ఎనక కూసోని మా కుక్క స్నూపీకి చాటుగ ముక్క పెట్టిండు. మీసాలకు కేక్ పొడి చూసి పట్టుకున్నం. మా అత్తమ్మ ఉప్పునీళ్లు తాపుమన్నది. నేను ఆపిన, ఉప్పు ఎక్కువైతే అదే విషమైతది, ఫిట్స్ వస్తయి. డాక్టర్‌కు ఫోన్ చేసి ఎంటనే తీస్కపోయినం. ఇంజక్షన్ ఇచ్చి కక్కించిన్రు, కిస్మిస్‌లు ఉబ్బి అట్లనే బయటికొచ్చినయి. ఇదంతా తిన్న 2 గంటల లోపల అయితేనే బాగ పనిచేస్తది. తర్వాత కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడ చేయించిన్రు, ఎందుకంటే కిడ్నీ దెబ్బ 24 నుంచి 72 గంటల్ల బయటపడ్తది. మొదటిరోజు తోక ఊపుతున్నదని నమ్మొద్దు.

డార్క్ చాక్లెట్, షుగర్ ఉన్నోళ్ల సంచుల్ల ఉండే షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడ అంతే. గమ్ముల చక్కెర బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలనే కుక్క రక్తంల షుగర్ పడిపోవచ్చు. సంచులు నేల మీద పెట్టనీయకండి.

మా ఇంట్ల ఇప్పుడు ఉప్పు, మసాలా లేకుండ ఉడికిచ్చిన బొక్కల్లేని చికెన్ ఒక గిన్నెల పెడ్తం. ప్రేమ ఎక్కువైనోళ్లు అండ్లకెళ్లే పెట్టాలె. మన తెలంగాణల 25, 26 రెండూ సెలవులే, డాక్టర్ ఊర్ల ఉంటడో లేదో ముందే అడగండి. పోయేటప్పుడు తిన్నదాని కవరు, ఎన్నిగంటలకు తిన్నదో రాసుకొని తీస్కపోండి.