ఆ ప్రశ్న నేనూ అడిగాను

ప్రశ్న: నేను ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు క్లినిక్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈమధ్య పెళ్లయి నాలుగేళ్లయిన ఒకావిడ నిద్ర పట్టడం లేదంటూ వచ్చారు. మూడో సిటింగ్‌లో, తనకు జననాంగాల దగ్గర హెర్పీస్ (లైంగికంగా సోకే, పుండ్లు తెచ్చే వైరస్ జబ్బు) ఉందని డాక్టరు చెప్పారని బయటపెట్టారు. నేను తడబడి, ‘మీవారికి బయట సంబంధాలేమైనా ఉన్నాయా?’ అని అడిగేశాను. ఆవిడ తల దించుకున్నారు. తర్వాతి వారం రాలేదు. నేనేం చేసి ఉండాల్సింది మేడమ్?
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, ఆవిడ మూడోసారికి గానీ చెప్పలేదంటే అప్పటిదాకా మిమ్మల్ని గమనిస్తూ ఉన్నారు. ఈవిడతో చెప్పొచ్చు అనిపించాకే నోరు విప్పారు. అందుకే మీ ప్రశ్న అంత లోతుగా తగిలింది.

గుంటూరు జిల్లాలో ఒక ఆస్పత్రిలో హెచ్‌ఐవీ పరీక్షల గదిలో కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో నేనూ అదే తప్పు చేశాను. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామెను ‘ఎలా వచ్చింది?’ అని అడిగాను. ‘అది తెలిస్తే మందు మారుతుందా మేడమ్?’ అందామె. మారదు. ఆ ప్రశ్న ఆమె కోసం కాదు, నా కుతూహలం కోసం అడిగానని ఆ రాత్రి ఇంటికెళ్లాక తెలిసొచ్చింది.

హెర్పీస్ విషయంలో ఆ ప్రశ్నతో ఇంకో ప్రమాదం ఉంది. ఆ వైరస్ నరాల్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. ఇవాళ పుండ్లు కనిపించాయంటే నిన్నో మొన్నో సోకిందని కాదు. పెళ్లికి ముందే ఇద్దరిలో ఎవరికైనా సోకి, వాళ్లకే తెలియకపోయి ఉండొచ్చు. పెదవి మీద పుండ్లు తెచ్చే రకం కూడా నోటి నుంచి కిందికి సోకగలదు. ఎవరి నుంచి, ఎప్పుడు అన్నది చాలాసార్లు డాక్టరుకే తేలదు. మన గదిలో పుట్టిన అనుమానం మాత్రం ఇంటికెళ్లి కాపురం మీద పడుతుంది. ఈ సంగతులు తెలియకుండా ఎంత ప్రేమగా మాట్లాడినా మేలు జరగదు. తెలిసిన చర్మవ్యాధుల డాక్టరు దగ్గర ఒక పూట కూర్చుని నేర్చుకోండి.

‘సుఖవ్యాధి’ అనే మాట మీ నోట రానివ్వకండి. మూత్రానికి వెళ్తే మంటకు ఏడ్చే మనిషికి అందులో సుఖమేముంది? ఆవిడ ‘కింద పుండ్లు’ అంటే మీరూ అలాగే అనండి. ‘నేను మురికిదాన్ని’ అంటే వెంటనే ఖండించకండి. ఆ మాట ఎవరి గొంతులో వినిపిస్తోందో అడగండి. అమ్మదా, అత్తగారిదా, పరీక్ష గదిలో ముఖం చిట్లించిన నర్సుదా? నేను చూసినంతలో చాలామందికి ఏడుపు వచ్చేది అక్కడే, మనసు తేలికపడటం మొదలయ్యేదీ అక్కడే.

భర్తకు చెప్పడం అవసరమే, ఎందుకంటే పుండ్లు లేనప్పుడు కూడా సోకవచ్చు. కండోమ్, రోజూ వేసుకునే మందు ఆ అవకాశాన్ని తగ్గిస్తాయి. అయితే ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఆవిడ నిర్ణయం. చెబితే ఇంట్లో ఏమవుతుందో, ఆయన చెయ్యి చేసుకునే మనిషో కాదో ముందు కనుక్కోండి. ఆ భయం లేకపోతే ఏ మాటతో మొదలుపెట్టాలో మీ దగ్గరే ఆవిడ చేత ఒకసారి అనిపించి చూడండి. ఇద్దరూ కలిసి డాక్టరు నోట వినడం కొందరికి తేలిక. పిల్లల గురించి టెన్షన్ ఉంటే, ఈ జబ్బున్న తల్లుల్లో చాలామందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారని చెప్పండి. గర్భం రాగానే డాక్టరుకు తెలియజేయాలి. కాన్పు వేళకు పుండ్లుంటే ఆపరేషన్ చేస్తారు.

ఇక గోప్యత. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. మన దగ్గర చెప్పుకున్నది దాచమని అది కోరుతుంది. రిసెప్షన్‌లో అందరి చేతికీ అందేచోట ఆవిడ ఫైలు ఉంచకండి.

ఫోన్ చేయడానికి ఆవిడ ముందే ఒప్పుకుని ఉంటే ఒకసారి చేయండి. వేరేవాళ్లు ఎత్తితే జబ్బు ఊసే ఎత్తకండి. ఆవిడే మాట్లాడితే, ‘పోయినసారి అడగకూడనిది అడిగాను, క్షమించండి. నా దగ్గరికి వద్దనుకుంటే ఇంకొకరి పేరు చెబుతాను’ అనండి. తిరిగి వస్తే ముందు నిద్ర ఎలా ఉందో అడగండి. ఆవిడ మొదట వచ్చింది దానికోసమే.